బీటీ, బవేరియా, ఎన్.పి.వి., వేప కషాయం... పురుగుకు అన్నీ ఒకే డ్రమ్ములో కలిపి కొట్టొచ్చా?



కంది మొగ్గ వేసిందంటే చాలు, నా ఫోనుకు ఒకే ప్రశ్న పదిమంది నుంచి వస్తుంది. "అన్నా, ఇంట్లో బీటీ ఉన్నది, బవేరియా ఉన్నది, వేపనూనె ఉన్నది. మూడూ ఒకే డ్రమ్ముల కలిపి కొడితే అయిపోతది కదా? కూలి ఒక్కసారే పడతది." కూలి మాట నిజమే. మనిషెత్తు కందిలో పంపు మోసే మనిషి దొరకడమే కష్టం. ఇదే లెక్క వేసుకుని నేను కూడా ఒక ఏడాది నాలుగెకరాల కందిలో గట్టి దెబ్బ తిన్నాను.

ఆ రోజు డ్రమ్ములో ఏమేం పోశానో చెప్తాను, నవ్వకండి. రెండు వారాలు నిల్వ ఉన్న అగ్నిఅస్త్రం, దాని మీద బవేరియా పొడి, దాని మీద బీటీ, ఆకుకు అంటుకోవాలని బెల్లం నీళ్లు. కూలీలు పొద్దున వేరే చేనుకు పోయి పన్నెండింటికి వచ్చారు కాబట్టి మిట్ట మధ్యాహ్నం కొట్టించాను. ఐదు రోజుల తర్వాత చూస్తే పురుగు తల కాయలో పెట్టి, సగం ఒళ్లు బయట పెట్టుకుని హాయిగా గింజ తింటోంది. పక్క చేను కాక గట్టు మీద నిలబడి, "ఏం బిడ్డా, బెల్లం నీళ్లు తాపి పురుగులను సాదుతున్నవా?" అన్నాడు. ఆయన అప్పుడప్పుడే రసాయన మందులు తగ్గిద్దామా అని ఆలోచిస్తున్న మనిషి. నా చేను చూసి మళ్లీ మందుల షాపుకు పోయాడు. పంట పోయినదాని కంటే ఇది ఎక్కువ బాధ పెట్టింది.

డిప్లొమాలో ఇవన్నీ చదివాను. ఏ మందు పురుగును ఎలా చంపుతుందో పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. డ్రమ్ము దగ్గర ఒక్కటీ గుర్తుకు రాలేదు. అందుకే ఈ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు, పురుగు ఎలా చస్తుందో చూడాలి

ఒక విచిత్రం చెప్తాను. మనం ఇవాళ పురుగుల మీద వాడుతున్న మూడు రకాల సూక్ష్మజీవుల మందులకూ పట్టుపురుగుతో చుట్టరికం ఉంది. పట్టుపురుగు కూడా ఆకు తినే గొంగళిపురుగే కదా. పట్టుపురుగు సున్నం పూసినట్టు తెల్లగా గట్టిపడి చచ్చే రోగానికి కారణం ఒక బూజు అని 1835లో ఇటలీలో అగస్టీనో బస్సీ చూపించాడు. ఆ బూజే మన బవేరియా బస్సియానా, పేరులో ఆయన పేరే ఉంది. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రవేత్త ఉన్నట్టుండి చచ్చిపోతున్న పట్టుపురుగుల్లో ఒక బ్యాక్టీరియాను కనిపెట్టాడు. పదేళ్ల తర్వాత జర్మనీలోని తురింగియా ప్రాంతంలో పిండి పురుగుల్లో బెర్లినర్ దాన్నే చూశాడు. బాసిల్లస్ తురింజియెన్సిస్, అంటే మన బీటీ, ఆ ఊరి పేరుతోనే ఉంది. పట్టురైతులు పాల రోగం అని భయపడేది ఎన్.పి.వి. జాతి వైరస్. మన శనగపచ్చ పురుగు వైరస్ దానికి దాయాది.

కథ కోసం చెప్పట్లేదు ఇది. మీ చేను పక్కన మల్బరీ తోట ఉంటే బీటీ గానీ బవేరియా గానీ గాలి అటు వీస్తున్నప్పుడు కొట్టకండి. మీకు మందు, ఆయనకు విషం. ముందు రోజే ఆయనకు చెప్పి కొట్టండి.

ఇక ఒక్కోటి ఎలా చంపుతుందో చూద్దాం. బీటీ పురుగు ఒంటి మీద పడితే ఏమీ కాదు. ఆకుతో పాటు కడుపులోకి పోవాలి. గొంగళిపురుగు కడుపు సున్నపు నీళ్లలాగా క్షారంగా ఉంటుంది. అక్కడ బీటీ స్ఫటికం కరిగి, పేగు గోడకు చిల్లులు పొడుస్తుంది. కొన్ని గంటల్లో పురుగు తిండి మానేస్తుంది, చావడానికి మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది. ఎన్.పి.వి. కూడా తింటేనే పనిచేస్తుంది, కానీ నిదానం. ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో వైరస్ పురుగు ఒళ్లంతా పెరుగుతుంది. చివరికి పురుగు కొమ్మ కొసకు ఎక్కి తలకిందులుగా వేలాడి, పగిలి, నల్లటి నీరు కారుతుంది. ఆ నీరు పడిన ఆకు తిన్న ఇంకో పురుగూ చస్తుంది. బవేరియాకు తినడంతో పని లేదు. దాని విత్తనం పురుగు చర్మానికి అంటుకుని, మొలకెత్తి, లోపలికి దిగాలి. దానికి గాలిలో తేమ కావాలి. లద్దెపురుగు మీద ఎక్కువ వాడే మెటారైజియం రైలీ కూడా అంతే. పాత పుస్తకాల్లో దాన్నే నొమురియా రైలీ అంటారు. వర్షాకాలంలో వేరుశనగలో, సోయాలో లేత ఆకుపచ్చ పొడి పట్టి ఎండిపోయిన పురుగులు కనిపిస్తే అది ఆ బూజు పనే.

వేప దారి వేరే. వేప గింజ కషాయం పురుగుకు తిండి మీద మనసు లేకుండా చేస్తుంది, కుబుసం విడవడాన్ని ఆలస్యం చేస్తుంది, తల్లి రెక్కల పురుగును గుడ్లు పెట్టకుండా కొంత ఆపుతుంది.

ఇప్పుడు నా డ్రమ్మును మళ్లీ చూడండి. బీటీ పనిచేయాలంటే పురుగు తినాలి. అగ్నిఅస్త్రంలో వేప ఉంది, మిరప ఉంది, పొగాకు ఉంది. వాటి పని తిననివ్వకపోవడం. అంటే ఒక చేత్తో అన్నం పెట్టి, ఇంకో చేత్తో నోరు మూశానన్నమాట. అగ్నిఅస్త్రంలో వెల్లుల్లి కూడా ఉంది. వెల్లుల్లి బూజును చంపుతుంది, బవేరియా కూడా బూజే. గోమూత్రం నిల్వ ఉన్నకొద్దీ అమ్మోనియా పెరిగి క్షారం అవుతుంది. పురుగు కడుపులో కరగాల్సిన బీటీ స్ఫటికానికి అలాంటి నీళ్లలో ఎక్కువసేపు నానడం మంచిది కాదు, ఎన్.పి.వి.కి కూడా అంతే. పైగా మిట్ట మధ్యాహ్నం ఎండ. బ్యాక్టీరియా, వైరస్, బూజు ఏదీ ఆ ఎండకు తట్టుకోదు. ఒక్క డ్రమ్ములో నాలుగు తప్పులు.

డ్రమ్ములో ఏది దేనితో పడదు

బవేరియా, మెటారైజియంతో బూజుమందు ఏదీ కలపకూడదు. ఇది అందరికీ తెలుసు అనుకుంటాం. కానీ మన ప్రకృతి వ్యవసాయంలో బూజుమందులు ఏవి? పుల్లటి మజ్జిగ, సొంఠిపాల కషాయం, కొందరు వాడే బోర్డో మిశ్రమం. ఇవి తెగులు బూజును ఆపుతాయని నమ్మి కొడుతున్నాం కదా, మరి మంచి బూజును వదిలేస్తాయా? వాటికీ వీటికీ వారం ఎడం పెట్టండి. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ కూడా అంతే. ఆ రెండూ ఇతర బూజులతో కొట్లాడేవి. వాటిని నేలకు, విత్తనానికి వాడుకుందాం, బవేరియాతో ఒకే డ్రమ్ములో పడుకోబెట్టొద్దు. జీవామృతంలో కలిపి కొట్టొచ్చా అని కూడా చాలామంది అడుగుతున్నారు. వద్దు. జీవామృతం భూమికి, ఇది పురుగుకు.

పంపు సంగతి మర్చిపోతాం. అద్దె పంపులో ముందు రోజు ఎవరో మాంకోజెబ్ కొట్టి ఉంటారు. మూడుసార్లు కడిగి, నాజిల్, జాలీ విప్పి కడిగాకే మన మందు పోయాలి. బ్లీచింగ్ కలిసిన నల్లా నీళ్లయితే తొట్టిలో పట్టి ఒక రాత్రి ఉంచండి. బోరు నీళ్లు చౌడుగా ఉంటే పీహెచ్ కాగితం ముంచి చూడండి, అది చిన్న కట్ట కొంటే చాలా రోజులు వస్తుంది. 8 దాటితే నిమ్మరసం పిండి 7 దగ్గరకు తెచ్చాకే బీటీ గానీ వైరస్ గానీ కలపండి. వీడియోలో ఇది చేసి చూపించాను, చూడండి.

బీటీ, ఎన్.పి.వి. రెండూ తింటే పనిచేసేవే కదా, ఆ రెండూ కలిపితే ఏం అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. బీటీ తిన్న పురుగు గంటల్లో తిండి మానేస్తుంది. అంటే వైరస్ సరిపడా లోపలికి పోదు. పోయినా, వైరస్ పెరిగే లోపే బీటీ పురుగును చంపేస్తుంది. పురుగు చస్తుంది గానీ పగిలి ఇంకో పదింటికి రోగం అంటించే పని జరగదు. వైరస్‌కు పెట్టిన డబ్బు సగం వృథా. అందుకే నేను వాటిని వేరువేరు రోజుల్లో వాడతాను.

కలిపితే నిజంగా లాభం ఉన్నచోటు ఒకటుంది, అది వేప తర్వాత బవేరియా. బూజు విత్తనం పురుగు చర్మం మీద మొలకెత్తి లోపలికి దిగే లోపే పురుగు కుబుసం విడిచిందనుకోండి, పాత చొక్కాతో పాటు విత్తనం కూడా పోతుంది, పురుగు తప్పించుకుంటుంది. వేప తిన్న పురుగు కుబుసం విడవడం ఆలస్యం అవుతుంది. బూజుకు ఆ సమయం దొరుకుతుంది. కానీ దీన్ని కూడా డ్రమ్ములో కలపను. చిక్కటి వేపనూనె, దాన్ని కలపడానికి వేసే సబ్బు, రెండూ బూజు మొలకను దెబ్బతీయగలవు. ముందు వేప, రెండు రోజులు ఆగి బవేరియా.

కందిలో నేను పాటించే వరస

మాది తాండూరు వైపు నల్లరేగడి. మా కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, కాబట్టి దాని మీద కొంచెం గర్వం ఉంటుంది, ఏమనుకోవద్దు.

మొగ్గ కనిపించే ముందే ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు, ఇరవై పక్షి స్థావరాలు. బుట్టలో రోజూ పడే రెక్కల పురుగులను ఇంటి క్యాలెండరు మీద రాస్తాను. ఉన్నట్టుండి పెరిగిందంటే గుడ్లు పడుతున్నట్టే. ఆ రోజు లేదా మర్నాడు వేప గింజల కషాయం 5 శాతం, అంటే 200 లీటర్ల నీటికి 10 కిలోల గింజల పొడి.

గుడ్డు పగలడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఈలోపు వేప చేదు ఎండకు కొంత విరిగిపోతుంది. అప్పుడు కొత్తగా పుట్టిన పురుగులు మొగ్గలు గీకడం మొదలుపెడతాయి. సరిగ్గా ఆ సాయంత్రం ఎన్.పి.వి. కొట్టాలి. హెక్టారుకు 250 ఎల్.ఇ. అంటే ఎకరాకు 100 ఎల్.ఇ. ఒక ఎల్.ఇ. అంటే బాగా రోగం పట్టిన ఒక పెద్ద పురుగులో ఉండేంత వైరస్ అనుకోండి. లీటరుకు 10 గ్రాముల బెల్లం, 1 గ్రాము బట్టల నీలిమందు కలుపుతాను. బెల్లం తినడానికి ఆశ పెడుతుంది, నీలం ఎండ నుంచి వైరస్‌ను కొంత కాపాడుతుంది. ఐదింటి తర్వాతే మొదలుపెట్టాలి. పురుగు సెంటీమీటరు లోపు ఉన్నప్పుడే. కాయలో తల దూర్చినదానికి మీరు ఏది కొట్టినా అందదు, ఆ డబ్బు నాకు పంపండి.

మళ్లీ ఐదారు రోజులకు చేను తిరగాలి. చిన్న పురుగులు ఇంకా కనిపిస్తుంటే బీటీ, లీటరుకు 1 నుంచి 2 గ్రాములు, ప్యాకెట్ మీద ఉన్న మోతాదు చూసుకుని. పూత గూడు కట్టి లోపల మరుకా పురుగు ఉంటే మందు లోపలికి పోయేలా పూల గుత్తులు తడవాలి, పైపైన కొడితే గూడు తడుస్తుంది గానీ పురుగు తడవదు. బవేరియాను నేను మబ్బు పట్టి, చిటపట చినుకులు ఉన్న రోజుల్లోనే వాడతాను, లీటరుకు 5 గ్రాములు. పొడి చలిగాలి వీచే రోజుల్లో దాని మీద ఆశ పెట్టుకోను. మంచు బాగా పట్టే తావుల్లో పనిచేసిందని చెప్పిన వాళ్లున్నారు, మీ దగ్గర చూసుకోండి.

పెద్ద పురుగులు మిగిలితే? పాత పద్ధతే. పొద్దున్నే చెట్టు కింద పట్టా పరిచి కొమ్మలు దులపడం. మా అమ్మ ఇది నాకంటే బాగా చేస్తుంది, రాలిన పురుగులు కోళ్లకు.

మొక్కజొన్న వేసినవాళ్లకు ఒక్క మాట. 2018లో కర్ణాటకలో మొదట కనిపించి మన దగ్గరకు వచ్చిన కత్తెర పురుగుకు కూడా చిన్నప్పుడే, సుడిలో పడేలా, సాయంత్రం అన్న సూత్రమే. బీటీ, మెటారైజియం రైలీ వాడుకోవచ్చు. కానీ శనగపచ్చ పురుగు వైరస్ గానీ పొగాకు లద్దెపురుగు వైరస్ గానీ దాని మీద పనిచేస్తుందని కొనకండి. ఎన్.పి.వి. ఏ పురుగుది ఆ పురుగుకే.

ఎన్.పి.వి. ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్లు గ్రామాల్లో రైతులకు ఇది నేర్పించారు కూడా. చేనులో తలకిందులుగా వేలాడే పురుగులను, పగలకముందే, సీసాలో ఏరుకోవాలి. పెద్దవైతే ఎకరాకు వంద చాలు, చిన్నవి కలిస్తే రెండు వందలు. నీళ్లు పోసి నూరి, పల్చటి బట్టలో రెండుసార్లు వడకట్టాలి. ఇంట్లో మిక్సీ వాడితే మీ ఇంట్లో ఏం జరుగుతుందో నేను చెప్పను, పాత రోలు వెతుక్కోండి. నిల్వ చేయాలంటే నల్ల సీసాలో, పేరు రాసి, చల్లటి చోట. వాడే ముందు బాగా గిలక్కొట్టాలి, వైరస్ అడుగున పేరుకుంటుంది.

మీ డ్రమ్మును మీరే పరీక్షించండి

ఎవరి మాటా నమ్మకుండా, నాది కూడా, ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. కాగితం టీ కప్పులు నలభై తెచ్చుకోండి. చిన్న పురుగులు నలభై ఏరండి. కప్పుకు ఒక్కటే వేయాలి, శనగపచ్చ పురుగులు ఒకదాన్నొకటి తింటాయి, రెండేస్తే పొద్దున్నకి ఒకటే ఉంటుంది. పది కప్పుల్లో ఉత్త నీళ్లలో ముంచిన మొగ్గ, పదింటిలో బీటీ నీళ్లలో ముంచింది, పదింటిలో వేప, పదింటిలో రెండూ కలిపింది. పైన పల్చటి బట్ట కట్టి నీడలో పెట్టి, మూడు రోజులు చూడండి. చచ్చినవే కాదు, రెట్టలు కూడా చూడాలి. రెట్ట లేదంటే తినలేదని. నేను చేసినప్పుడు చిక్కటి వేప, బీటీ కలిపిన కప్పుల్లో పురుగులు తినకుండా మూల కూర్చున్నాయి గానీ, ఉత్త బీటీ కప్పుల్లో కంటే ఎక్కువే బతికాయి. మీ వేప పల్చగా ఉంటే వేరేలా రావచ్చు. అందుకే చేసి చూడమంటున్నాను.

రసాయన మందుతో కలిపితే?

ఇంకా పూర్తిగా మారని రైతులు ఈ మాట మొహమాటంగా అడుగుతారు. మొహమాటం ఎందుకు, అడగాలి. తక్కువ మోతాదు పురుగుమందుతో బలహీనపడిన పురుగు సూక్ష్మజీవికి సులువుగా లొంగవచ్చు, సమగ్ర సస్యరక్షణలో అలా కలిపి వాడే పద్ధతులు ఉన్నాయి. నేను మాత్రం కలపను. మొదటిది, సేంద్రియ సర్టిఫికెట్ దారిలో ఉంటే ఒక్క పిచికారీతో ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. వార్షిక పంటలకు మారే కాలమే రెండేళ్లు. రెండోది, పురుగు గుడ్ల మీద బతికే చిన్న ఈగలు, సాలీళ్లు పోతాయి. 1987-88లో కోస్తా పత్తిలో శనగపచ్చ పురుగు పైరెత్రాయిడ్ మందులకు లొంగకపోవడం, 1997-98లో వరంగల్ పత్తిలో లద్దెపురుగు విరుచుకుపడటం మన పెద్దవాళ్లు చూశారు. మందు మీద మందు కొట్టినా పురుగు ఆగలేదు, అప్పులు ఆగలేదు. మారే దశలో ఉన్న కాకలకు నేను చెప్పేది ఇంతే: వేప, ఎన్.పి.వి., బీటీ ముందు వాడండి. ఆఖరున పంట పోతుందనిపిస్తే ఒక్క మందు విడిగా కొట్టుకోండి, డ్రమ్ములో మాత్రం కలపకండి. ఏది పనిచేసిందో మీకూ తెలియాలి కదా.

మనకు తెలియకుండానే కలిసే రసాయనం సంగతి ఇంకా పెద్దది. రెండేళ్ల కింద ఒక షాపులో "పూర్తిగా బయో, ఆకుల నుంచి తీసింది" అని ఒక సీసా ఇచ్చారు. సాయంత్రం కొడితే రాత్రి బ్యాటరీ లైటు వేసి చూసేసరికి పురుగులు నేల మీద. సంబరపడి నలుగురికి ఫోన్ చేసి చెప్పాను. తర్వాత మా కందిపప్పు కొనే వాళ్లు పరీక్ష చేయించారు, ఎమామెక్టిన్ అవశేషం వచ్చింది. ఆ లాట్ మొత్తం వెనక్కి వచ్చింది. మామూలు పప్పు ధరకు అమ్మాను. నేను ఫోన్ చేసి చెప్పిన నలుగురిలో ఇద్దరు అప్పటికే కొట్టేశారు. వాళ్ల ఇళ్లకు పోయి నిజం చెప్పి వచ్చాను.

అప్పటి నుంచి సీసా కొనే ముందు కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, లోపల ఏ జీవి ఉందో పేరు రాశారా, గ్రాముకు ఎన్ని జీవకణాలో రాశారా, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నాయా అని చూస్తున్నాను. షాపువాడు ఎండలో పెట్టిన ప్యాకెట్ తీసుకోను. ముఖ్యంగా వేగం చూడండి. నిజమైన బీటీ, వైరస్, బూజు ఏదీ రెండు గంటల్లో పురుగును రాల్చదు. రాల్చిందంటే ఆ సీసా కొంచెం దాచిపెట్టి, మిగతా చేనులో కొట్టడం ఆపి, పరీక్షకు పంపండి.

పక్క చేను కాక పోయిన కందికి నాతో పాటు ఒక ఎకరంలో ఎన్.పి.వి. కొట్టాడు. నాలుగో రోజు ఫోన్ చేసి "ఇంకా బతికే ఉన్నయిరా" అని తిట్టాడు. ఇంకో మూడు రోజులు ఆగమన్నాను. ఏడో రోజు పొద్దున మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, జేబులోంచి ఒక సీసా తీశాడు. నిండా తలకిందులుగా వేలాడిన పురుగులు. "వీటిని వడకట్టుడు నాకు చూపియ్" అన్నాడు. ఆ వడకట్టేదే రెండో వీడియోలో ఉంది. చేతులు కనిపిస్తాయి, అవి కాకవే.